నలభై ఒకటో వరస

"ఆ పిల్ల బుర్ర పాదరసమనుకో," అన్నాడు ఆయన, ఇస్త్రీ అవుతున్న చొక్కా వంక చూస్తూ. "కాస్త టీ పెట్టు."

చొక్కా రేపు నలుగురి ముందూ జరగబోయే డిస్కు పరీక్షకి. ఆ పిల్లంటే ఆయన ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. మూడు నెలలుగా ఈ ఇంట్లో కూర కంటే ఎక్కువసార్లు వడ్డింపుకొచ్చింది ఆ అమ్మాయి గురించిన పొగడ్తే. ఆమె ఇస్త్రీపెట్టెని కాలర్ మీద అవసరానికి మించి అదిమి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చింది.

మొగుడి మీద అనుమానమా అంటే, అదేం లేదు. అంత ఓపిక ఆయనకెక్కడిది! ఆమె కడుపుమంటంతా భోజనాలబల్ల మీదున్న రిపోర్టు గురించి. అట్ట మీద ఆయన పేరు, దాని కింద ఆ అమ్మాయి పేరు. మూడో పేజీలో ఉన్నది మాత్రం ఆమె కట్టిన టేబుల్.

కంప్యూటర్ డిస్కు మీద రాసేదంతా ఒకట్లూ సున్నాలే. ఒకటి వచ్చినచోట అయస్కాంతం దిక్కు మారుతుంది, సున్నా దగ్గర మారదు. సున్నాలు వరసగా ఏడు దాటాయంటే చదివే యంత్రం లెక్క తప్పుతుంది. అందుకని ప్రతి మాటనీ, అంటే కొన్ని ఒకట్లూ సున్నాలూ కలిసిన ఒక్కో ముక్కనీ, ఒక టేబుల్ ప్రకారం, సున్నాలు గుంపు కట్టకుండా మార్చి రాస్తారు. పదకొండేళ్ల కిందట ఒళ్లో చంటిదాన్ని వేసుకుని, ఆ టేబుల్‌ని పెన్సిల్‌తో ఒక్కో వరసే కట్టింది ఆమె. అప్పటికి అదే ల్యాబ్‌లో ఉద్యోగం మానేసి నాలుగు నెలలు. "ఒకే కొంపలో ఇద్దరు ఇంజనీర్లెందుకమ్మా, పిల్లదాన్నెవరు చూస్తారు?" అన్నారు అత్తగారు. అప్పుడాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. టేబుల్ పూర్తయిన మర్నాడే మాత్రం బ్యాగులో పెట్టుకుపోయాడు.

అందులో ఒక తప్పుంది. నలభై ఒకటో వరసలోని మాటకి ముందు నాలుగు సున్నాలు, చివర నాలుగు. విడిగా దానికి ఏ రోగమూ లేదు. అదే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తే మధ్యలో ఎనిమిది పోగవుతాయి. ఆ వరస సరిచూడబోతుంటేనే "పాలు పొంగిపోతున్నాయి!" అని అత్తగారు కేకేశారు. ఎక్కడ ఆపిందో తెలియడానికి పక్కన 'పాలు' అని రాసి లేచింది. తిరిగొచ్చి పొరపాటున నలభై రెండు నుంచి మొదలెట్టింది. ఏడాది తర్వాత బట్టలు ఆరేస్తుంటే ఆ సంగతి తట్టింది. చెప్పబోతే, "ఆ పాత కాగితాలిప్పుడెవరు చూస్తారే" అన్నాడాయన.

రేపు బయటపడనీ. పాదరసం బుర్ర నలుగురిలో నీళ్లు నమలనీ. ఇంత పాడు కోరిక తనకేనా అని ఆమెకి సిగ్గేసింది. అయినా కోరిక పోలేదు.

అంతలో బెల్ మోగింది. గుమ్మంలో ఆ అమ్మాయే, ఫైలు గుండెకి అదుముకుని.

"సర్ కోసం కాదు మేడమ్, మీకోసమే వచ్చా. నలభై ఒకటో వరస రేపు దెబ్బ కొట్టేలా ఉంది. టేబుల్ పాత ఫైల్లో దొరికిందన్నారు సర్. అసలు కాగితం తీసి చూస్తే, ఆ వరస పక్కనే 'పాలు' అని ఉంది." గొంతు తగ్గించింది. "పొయ్యి మీద పాలున్నాయని సర్‌కి గుర్తుండదు కదండీ."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వెనకే అసూయ రెట్టింపైంది. తనకి ఏడాది పట్టిన తప్పు ఈ పిల్లకి మూడు నెలల్లో దొరికింది. దొరకదా మరి, ఈ పిల్లని మధ్యలో ఎవరు కేకేశారు కనక! ఈ పిల్ల ఓడిపోతే తనకొచ్చేదేముంది? తనకి కావాల్సింది ల్యాబ్‌లో ఆ కుర్చీ.

"ఎలా మార్చాలో చెప్పండి, రాసుకుంటా," అంది అమ్మాయి.

"చెప్పను."

అమ్మాయి ముఖం పాలిపోయింది.

"నేనే వచ్చి బోర్డు మీద రాస్తా. కింద నా పేరూ రాస్తా. ల్యాబ్ తెరిచే ఉందిగా, పదమ్మా," అంటూ చెప్పులేసుకుంది.

"ఎవరొచ్చారూ? టీ ఏమైంది?" లోపల్నుంచి ఆయన.

"పాలు పొయ్యి మీదున్నాయి," అంది ఆమె గడప దాటుతూ. "పొంగకుండా చూసుకోండి."