మొసలికి పెట్టిన పేరు

మా బయూలో, అంటే చిత్తడి గుండా మెల్లగా పారే కాలువలో, మొసళ్ళకు కొదవ లేదు. వాటిలో ఒక్కదానికి మాత్రమే క్రైస్తవ నామం ఉండేది. ఆ పేరు ఓవీద్. అది నా తమ్ముడి పేరు. నా తమ్ముడు దానిని చర్చిలో, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర పొందాడు. మొసలి దానిని వెర్లన్ హ్యాస్కెల్ గారి టికెట్ల గదిలో పొందింది.

హ్యాస్కెల్ గారు టెక్సస్ నుంచి వచ్చి మా చిత్తడిలో ఎయిర్‌బోట్లు తిప్పుతున్న పెద్దమనిషి. ఆ పడవకు వెనుక విమానానికి సరిపడేంత పంకా, ముందు వరుసగా బల్లలు. అడుగు చదునుగా ఉండటం వల్ల అది నీటి మీదా గడ్డి మీదా ఒకే నిర్లక్ష్యంతో దూసుకుపోతుంది. ప్రకృతిలోని ప్రశాంతతను అనుభవించాలని ఎక్కడెక్కడినుంచో వచ్చినవారు చెవులకు డిప్పలు తగిలించుకుని, ఆ రొద మధ్య కూర్చుని, భయపడి పారిపోతున్న కొంగల తోకలను ఫోటోలు తీసుకుంటారు. దీనిని వన్యప్రాణి సందర్శనం అంటారు.

ఓవీద్ ఆ పడవల్లో ఒకదానిని నడిపేవాడు. రెండేళ్ళ క్రితం, తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, పడవ తీయనన్నాడు. టికెట్లు అమ్మేశాము కనుక తీయవలసిందేనన్నారు హ్యాస్కెల్ గారు. గాలికి పడవ తిరగబడింది. ఓవీద్ ప్రయాణికులను ఒక్కొక్కరినే సైప్రస్ చెట్ల మోళ్ళ మీదికి చేర్చి, చివరకు తనకు సహాయకుడిగా వచ్చిన రెమీని కూడా ఎక్కించి, తాను మునిగిపోయాడు. మరునాటి ఉదయం దొరికాడు. అతని దేహం మీద ఒక్క గాటు కూడా లేదు. ఈ మాట నేను నిస్సంకోచంగా చెప్పగలను, ఎందుకంటే అతని వేళ్ళ మధ్య జపమాల చుట్టినది నేనే. వేళ్ళు పదీ ఉన్నాయి.

తుఫానులోకి పడవను పంపిన యజమానిని చూడటానికి ఎవరూ టికెట్టు కొనరు. మనిషిని మింగిన మొసలిని చూడటానికి కొంటారు. ఈ సూక్ష్మం హ్యాస్కెల్ గారికి త్వరలోనే బోధపడింది. ఆ శీతకాలం వెళ్ళేసరికి రేవు దగ్గర ఇల్లంత బోర్డు లేచింది: "మనిషిని మింగిన ఓవీద్! కళ్ళారా చూడండి!" బొమ్మలోని మొసలి తల మీద గడ్డిటోపీ. నా తమ్ముడి టోపీ అంచు చిరిగిన చోటును సైతం వదలకుండా వేశాడు ఆ చిత్రకారుడు. కళలో సత్యసంధత అంటే అదే కాబోలు.

మిఠాయి మరిగిన మొసలి మిఠాయి పడే చోటు వదిలి కదలదు. పడవల మీదినుంచి మార్ష్‌మాలో అనే తెల్లటి మిఠాయి ఉండలు విసిరే ఆ చోటు సరిగ్గా ఓవీద్ ఇంటి ముందే. అక్కడ అతని భార్య క్లోతీల్ ఒంటరిగా ఉంటున్నది. ప్రతి పడవా ఆమె వసారా ఎదుట ఆగేది. ప్రతి పడవ మీదినుంచీ మైకులో పిలుపు వచ్చేది: "ఓవీద్! రా రా, తిందువుగాని!"

పెళ్ళై వచ్చిన నాటినుంచీ ఆ వసారాలో కూర్చుని రొయ్యలు ఒలుచుకునే మనిషి, లోపలికి వెళ్ళి కిటికీలు మూసుకుంది. జూన్ నెలలో మా దేశంలో కిటికీలు మూసుకోవడమంటే బతికుండగానే సమాధిలో పడుకోవడం.

నేను చర్చి ఫాదరు దగ్గరకు వెళ్ళాను. ప్రార్థన చేయమన్నారు. అది నేను అప్పటికే చేస్తున్నాను. చట్టం చూసుకునేవారి దగ్గరకు వెళ్ళాను. చనిపోయిన మనిషి పేరు ఎవరి ఆస్తీ కాదని వారు సెలవిచ్చారు. కనుక నేను టికెట్టు కొన్నాను.

"ఒదినా, నువ్వెళ్ళి ఏం చేస్తావ్? ఆ పంకాలో చెయ్యి పెట్టి ఆపుతావా?" అంది క్లోతీల్.

"అవసరమైతే గొడుగు పెడతాను."

"గొడవలేం వద్దు. వాడి వ్యాపారం వాణ్ణి చేసుకోనీ. ఆ పేరొక్కటి పిలవకుండా ఉంటే చాలు నాకు." ఒడిలోని రొయ్యల గిన్నెలోకి చూసింది. "నేను వడ్డించి పిలిచినట్టే పిలుస్తున్నారు ఒదినా. ఒక్కోసారి వస్తున్నాడేమోనని గుమ్మం వైపు చూస్తున్నా. అది తలుచుకుంటే నామీద నాకే సిగ్గుగా ఉంది."

సిగ్గుపడవలసినవారు వేరే ఉన్నారని చెప్పి, ఆదివారపు టోపీ పెట్టుకుని రేవుకు వెళ్ళాను.

పడవ నడుపుతున్నది రెమీ. ఓవీద్ మోడు మీదికి ఎక్కించిన ఆ రెమీయే. అతడు నా జ్ఞానపుత్రుడు; జ్ఞానమాతను మా వైపు నన్నెన్ అని పిలుస్తారు. పసివాడి తల మీద నీళ్ళు పోసిన రోజున, సైతానును విసర్జిస్తున్నానని అతని తరపున మాట ఇచ్చింది నేను. ఆ మాట అమలులో కొంత జాప్యం జరుగుతున్నట్టు కనిపించింది.

"నన్నెన్! నువ్వా? ఈ బోటెక్కుతావా?" మెడలోని మొసలి పళ్ళ దండను చొక్కాలోకి తోసేసుకున్నాడు. "ఎండ మాడిపోతోంది. ఇంకోరోజు రా, ఊరికే తిప్పుతా."

"టికెట్టు కొన్నాను."

"పోనీ వెనక కూచో నన్నెన్, నీడగా ఉంటుంది."

"వెనక కూర్చుంటే వినపడదు."

ముందు వరుసలోనే కూర్చున్నాను. నా పక్కన గులాబీరంగు టోపీ పెట్టుకున్న ఒహాయో మనిషి, ఆ పక్కన తన తలకంటే పెద్ద కెమెరా మోస్తున్న అతని భార్య.

దారిలో రెమీ తన పని తాను చేశాడు. "నేనీ బురదలోనే పుట్టానండీ బాబూ! మా అమ్మ నాకు మొసలి పాలు పట్టి పెంచింది!" అన్నాడు, వాళ్ళ తాత మాట్లాడిన యాసను వంకరగా లాగి. రెమీ పుట్టినది పట్నపు ఆసుపత్రిలో, ఏసీ గదిలో. వాళ్ళ అమ్మ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. మొసలి పాలివ్వదని సిస్టర్లు మాకు మూడో తరగతిలోనే చెప్పారు. ఎవరూ అభ్యంతర పెట్టలేదు. ఒక తెడ్డుమూతి కొంగ మాత్రం లేచి వెళ్ళిపోయింది.

క్లోతీల్ వసారా ఎదుట ఇంజను ఆగింది. అందరూ చెవి డిప్పలు తీశారు. ఆ నిశ్శబ్దంలో రెమీ నా వైపు చూసి, "ఇక్కడ పెద్దగా ఏం లేదండీ. ముందుకు పోదాం," అన్నాడు.

"ఏం లేదా?" అన్నాడు గులాబీ టోపీ. "మనిషిని తిన్నది ఏదయ్యా మరి? బోర్డు చూసేగా ఎక్కాం!"

"అది చూపించకపోతే మా డబ్బులు మాకిచ్చెయ్యి," అంది భార్య. "మా చెల్లెలికి ఫోటో పంపుతానని చెప్పొచ్చా."

రెమీ మైకు అందుకున్నాడు. నావైపు చూడకుండా, నీళ్ళకు చెబుతున్నట్టు చెప్పాడు. "సరిగ్గా ఇక్కడే... ఒకే ఒక్క కేక... టోపీ ఒక్కటే పైకి తేలింది..."

నేను లేచి నిలబడ్డాను. పడవ కొంచెం ఊగింది.

"రెమీ, ఆ రోజు నిన్ను మోడు మీదికి ఎత్తిన చేతులు ఎవరివిరా?"

"నన్నెన్, ఇక్కడొద్దు. నీకు దణ్ణం పెడతా."

"ఇక్కడే. మైకు మూయకు. ఎవరివి?"

"ఓవీద్ మామవి."

"ఆ చేతుల్ని మొసలి తిన్నదా?"

"లేదు."

"మరి ఎవరు మింగారు ఆ మనిషిని?"

రెమీ రేవు వైపు చూశాడు. "చెప్తే ఉద్యోగం పోద్ది నన్నెన్."

కనుక నేనే చెప్పాను. హెచ్చరిక సంగతి, వెళ్ళనన్న మాట, వెళ్ళమన్న మాట, మోళ్ళు, జపమాల, పది వేళ్ళు. నేను పొడిగించలేదు, తగ్గించలేదు. ముగించేసరికి పడవంతా చప్పట్లు మోగాయి.

"ఎంత బాగా చేశారండీ!" కెమెరా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీరు ప్రతి ట్రిప్పుకీ ఉంటారా?"

నా జన్మలో మొదటిసారి నటిననిపించుకున్నాను. కోపం వచ్చింది. అయితే వారిలో ఒక్కరైనా సరైన ప్రశ్న అడిగారని న్యాయం కోసం ఒప్పుకోవాలి. అడిగినది గులాబీ టోపీ.

"అయితే, ఓవీద్ అంటే ఆయన కదా. మరి ఈ మొసలి పేరేంటి?"

మొసలి అప్పటికే వచ్చి పడవ పక్కన నోరు తెరుచుకుని ఉంది.

"దీనికి పేరు లేదు. ఇది ఎవరినీ ఏమీ చేయలేదు, మిఠాయి తింటుంది, అంతే. పేరు లేనిదే మీకు తోచదంటే, ఆ మనిషిని నిజంగా మింగినవారి పేరు పెట్టి పిలుచుకోండి. వెర్లన్ హ్యాస్కెల్."

"హ్యాస్కెల్!" అని అరిచాడు గులాబీ టోపీ, ఒక ఉండ విసురుతూ. మొసలి దానిని అందుకుంది. ఆ పేరును బల్లలన్నీ అందుకున్నాయి. "హ్యాస్కెల్! హ్యాస్కెల్!"

రెమీ మిఠాయి పొట్లం చించాడు. మైకు నోటికి ఆనించుకున్నాడు. "హ్యాస్కెల్! రా రా! నీకెంత పెట్టినా చాలదు కదరా!"

క్లోతీల్ వంటింటి కిటికీ జానెడు తెరుచుకోవడం నేను చూశాను.

రేవులో దిగిన ప్రయాణికులు నేరుగా హ్యాస్కెల్ గారి దగ్గరకు వెళ్ళి, ఆయన పేరుగల మొసలి చాలా ముచ్చటగా ఉందని అభినందించారు. ఆయన ఆ సాయంత్రమే రెమీని తీసేశారు. మరునాడు పడవ నడిపే దిక్కు లేక మళ్ళీ పిలిచారు. ఫోటోలు ఊళ్ళు దాటాయి. వచ్చినవారంతా హ్యాస్కెల్‌ను చూపించమని అడుగుతుంటే, కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఏ హ్యాస్కెల్‌నని తిరిగి అడగవలసి వచ్చేది.

కొద్ది రోజులకే ఆయన ప్రలీన్లనే మిఠాయిల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"అమ్మా, అది మా ఇంటి పేరు. ఆ ఫోటోలు మా అమ్మ చూసింది. ఏడుస్తోంది."

"వసారాలో కూర్చుంటోందా?"

"ఏంటీ?"

"మీ అమ్మగారు వాళ్ళ వసారాలో కూర్చోగలుగుతున్నారా అని అడుగుతున్నాను."

ఆయనకు అర్థమయింది. మొద్దు కాదు, అది ఆయన మీద నేను మోపే మరొక నేరం. "ఏం చెయ్యమంటారో చెప్పండి," అన్నారు.

"బోర్డు దింపండి. పేరు వదలండి. క్లోతీల్ ఇంటి ముందు ఆగి, అదే మైకులో, జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి."

"మా లాయరు ఒప్పుకోడండీ!"

"అయితే మీ అమ్మగారికి నా సానుభూతి తెలియజేయండి," అని డబ్బా తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

మొసలిని తన పేరుతో పిలవడం ఆగకపోయేసరికి, ఆదివారం పూజ తరువాత ఆయన పడవెక్కి క్లోతీల్ ఇంటి ముందుకు వచ్చారు. నేను క్లోతీల్ పక్కన వసారాలో కూర్చున్నాను. ఆమె ఒడిలో రొయ్యల గిన్నె ఉంది. రెమీ పడవను ఒడ్డుకు దగ్గరగా తెచ్చి ఆపాడు గాని, ఇంజనును మాత్రం అలా గురగురమననిచ్చాడు. ఆ రొదలో హ్యాస్కెల్ గారి పెదవులు చాలాసేపు కదిలాయి. చెప్పడం పూర్తిచేసి, వెళ్దామన్నట్టు చెయ్యి ఊపారు.

క్లోతీల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏం వినపళ్ళేదు. ఇంజనాపి చెప్పు."

రెమీ ఎంతో విధేయంగా ఇంజను ఆపాడు. పంకా తిరిగి తిరిగి నిలిచింది. ఇక దాక్కోవడానికి ఏ చప్పుడూ లేదు.

"ఆ రోజు... తను వెళ్ళనన్నాడు. నేనే పంపాను. మొసలి కథ నేను కల్పించిందే."

"తనంటే ఎవరు? పేరు పెట్టి చెప్పు."

"ఓవీద్," అన్నారు హ్యాస్కెల్ గారు. "ఓవీద్ ట్రోస్క్లేర్."

క్లోతీల్ తల ఊపింది. అంతకుమించి ఆయనకు ఏమీ ఇవ్వలేదు. రొయ్య ఒలిచి, తలకాయను కటకటాల మీదుగా నీళ్ళలోకి విసిరింది. మొసలి పైకి తేలి దాన్ని అందుకుంది. దాన్ని ఎవరూ పిలవలేదు.