బీరువా వెనక గోడ

వంటగది గట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, తల పక్కకి వంచి, చూపులాయన టార్చి వేశాడు. నీళ్ళ గొట్టాన్ని ఆనుకునే సాకెట్టు. దాని అంచున గోధుమరంగు మరక. వేలితో తడిమి చూడాలనిపించింది కానీ తడమలేదు. ఇల్లు కొనేవాళ్ళ తరఫున వెళ్ళి, కరెంటు వైరింగు ఎలా ఉందో కంటితో చూసి రాయడం అతని ఉద్యోగం. స్క్రూ విప్పకూడదు, సామాను జరపకూడదు. కంటికి అందనిదానికి ‘చూడటానికి వీలుపడలేదు’ అని రాస్తే చాలు, జీతం వస్తుంది.

పుట్టుకతో అతను చూపులాయనేం కాదు. సగం జీవితం నిచ్చెన మీదే గడిచింది. గోడలు తొలిచి, గొట్టాలు దించి, తీగలు లాగి, ఎన్నో ఇళ్ళల్లో మొదటి దీపం వెలిగించాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు కాలి మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు ఎంత వేడిగా ఉన్నా ఆ వేళ్ళతోనే పట్టుకుంటాడు. నిచ్చెన మీంచి పడి తుంటి విరిగాక, ఎక్కే పని పోయి, కింద నిలబడి చూసే పని మిగిలింది. "ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ చూసొస్తారు, మన గుమ్మం పక్కన స్విచ్చి ఊగులాడుతుంటే మాత్రం ఆ కళ్ళకి ఆనదు" అని పొద్దున్నే భార్య దెప్పింది. "నువ్వు అర్జీ పెట్టుకోలేదుగా" అని చెప్పులేసుకుని వచ్చేశాడు.

"అయిందా గురువుగారూ?" ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరు గుమ్మంలోంచి తొందరపెట్టాడు. "మేడమ్ సాయంత్రం సంతకం పెట్టాలి."

మేడమ్ అంటే కొనబోయే ఆవిడ. భుజాన సంచీతో, ఆఫీసుకి సగం పూట సెలవు పెట్టి వచ్చింది. ఆవిడ కూతురు అప్పటికే వెనక గదిలోకి పరుగెత్తింది.

"అమ్మా, ఇది నా గది! మంచం ఈ గోడకి వేసుకుందాం!"

చూపులాయన కుంటుకుంటూ ఆ గదిలోకి వెళ్ళాడు. ఇల్లంతా ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. గోడకున్న మేకులు కూడా వదలకుండా పీక్కుపోయిన యజమాని, పాత ఇనప బీరువానొకదాన్ని మాత్రం అక్కడే ఉంచేశాడు. పైకప్పు దగ్గర్నుంచి దిగిన లావుపాటి కరెంటు తీగల గొట్టం ఆ బీరువా వెనక్కి దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

అతనికి ఒళ్ళు మండింది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని బీరువా వైద్యం అంటారు. బాగుచేయించడానికి చెయ్యి రాదు, చూపించడానికి మొహం చెల్లదు. అందుకని అడ్డంగా ఒక బీరువా! జరపడానికి వీల్లేదని అందరికీ తెలుసు. అమ్మేవాడు నవ్వుకుంటాడు, బ్రోకరు నవ్వుకుంటాడు, చూడవచ్చినవాడు వీలుపడలేదని రాసి బస్సెక్కుతాడు. కొన్నవాళ్ళు ఆ మాట చదివి, పెద్ద తప్పేమీ లేదన్నమాట అనుకుని సామాను దించుకుంటారు. ఒక్క అబద్ధమైనా ఆడకుండా ఒక కుటుంబాన్ని నిప్పు పక్కన పడుకోబెట్టడం! ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది?

"దీన్ని జరపాలి" అన్నాడు.

"జరపడం మీ పని కాదు కదండీ. వీలుపడలేదని రాసెయ్యండి. ఎప్పుడూ రాసేదేగా!"

"ఆ పిల్ల మంచం ఎక్కడ వేసుకుంటానందో విన్నావా నువ్వు?"

"చూడండి, మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను."

"చేసుకో పో!"

టార్చి జేబులో పెట్టుకుని బీరువాకి భుజం ఆనించాడు. తుంటి కలుక్కుమంది. పళ్ళు బిగించి నెట్టాడు. బీరువా కీచుమంటూ గది మధ్య దాకా జరిగి, ఒక కాలు కింద టైలు పగలగొట్టుకుని అందులో దిగబడిపోయింది.

వెనక గోడ మీద మూతలేని పాత బోర్డు. పైన తెల్లసున్నం పూసినా మసి మళ్ళీ బయటికి ఉబికింది. తీగల మీది తొడుగు కరిగి, కారి, గడ్డకట్టి ఉంది. ఫ్యూజులో సన్నతీగ ఉండాల్సిన చోట ఎవడో మహానుభావుడు లావుపాటి రాగితీగ మెలిపెట్టి పోయాడు.

"లోడు ఎక్కువైతే సన్నతీగ తెగి కరెంటు ఆగిపోవాలమ్మా. ఇది తెగదు. ఇది తెగకపోతే గోడ అంటుకుంటుంది. ఇప్పటికే ఒకసారి అంటుకుంది."

ఆవిడ బోర్డు వంక చూడలేదు. అతని వంకే చూసింది.

"ఎందుకు జరిపారండీ?" అంది. "మీరు ఊరుకునుంటే సాయంత్రానికి అయిపోయేది. ఇప్పుడున్న అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఇప్పుడు మేం ఎక్కడికి పోవాలి?"

అతను తల దించుకున్నాడు.

"ఇక్కడెందుకమ్మా నల్లగా ఉంది?" అంటూ పిల్ల చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" ఆవిడ ఒక్క అంగలో వెళ్ళి మణికట్టు పట్టుకుంది. ఆ అరుపుకి ఖాళీ ఇల్లు మారుమోగింది. పిల్ల చెయ్యి వదలకుండా, అప్పుడు చూసింది ఆవిడ ఆ బోర్డు వంక. తర్వాత బ్రోకరుతో, "నేను సంతకం పెట్టను" అంది. పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మీద అతనికి కోపం రాలేదు. ఆవిడకి ఈ కొంప అంటగట్టబోయినవాళ్ళ మీద మాత్రం పీకలదాకా వచ్చింది.

బ్రోకరు బయటికెళ్ళి ఫోన్లో మాట్లాడొచ్చాడు. ఆ వెంటనే చూపులాయన ఫోన్ మోగింది. ఆఫీసులో పెద్దసారు. గొంతు మర్యాదగానే ఉంది.

"జరపకూడదని మీకు తెలీదా? ఇంటాయన కేసు పెడతానంటున్నాడు."

"తెలుసండీ."

"పెద్దవారయ్యారు. రేపట్నుంచి ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి."

"మంచిదండీ. నా చోట్లో ఆ బీరువాని పెట్టుకోండి. అది ఏ ఇంట్లో నిలబెట్టినా నోరెత్తదు."

ఫోన్ పెట్టేశాడు. ఇక భార్యకి ఎలా చెప్పాలో తోచలేదు. మెడలోని ఆఫీసు కార్డు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని గుమ్మం మెట్లు దిగాడు.

గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. తెరిచి ఉన్న తలుపుల్లోంచి వెనక గది దాకా కనిపిస్తోంది. అక్కడ బ్రోకరు చొక్కా చేతులు మడిచి బీరువాని వెనక్కి నెడుతున్నాడు. బూట్లు జారుతున్నాయి తప్ప అది కదలడం లేదు. చివరికి దాన్నొక తన్ను తన్ని, కాలు విదిలించుకుంటూ బయటికొచ్చి తాళం వేసుకున్నాడు. చూపులాయన బస్సు కోసం నడిచాడు.

ఆ బీరువా గది నడిమధ్య, ఒక కాలు టైలులో దిగబడి, గోడని వదిలేసి నిలబడి ఉంది.