పదకొండో వరుస పైన

మా పెళ్లయి పంతొమ్మిది రోజులు. కెజియా గదిలోకి వస్తే చాలు, నా కలం ఆగిపోయేది. ఆ మధ్యాహ్నం వేడివేడి అల్లం రొట్టె తెచ్చి నా నోట్లో పెట్టింది. వేళ్లకంటిన పాకం తనే నాకేసి, నవ్వుకుంటూ వెళ్లింది. నేను మళ్లీ కలం ముంచాను.

రాస్తున్నది మా కౌంటీ సభ తీర్మానం. ఫిలడెల్ఫియాలో తయారైన కొత్త రాజ్యాంగానికి మేం సమ్మతిస్తున్నామని. మర్నాడు ఉదయం పన్నెండుమంది పెద్దలు సంతకాలు చేయాలి. రాయడానికి ఉన్నది ఒక్కటే గొర్రెతోలు. రాత నచ్చితే సభ గుమాస్తా పని నాకే ఇస్తారు.

పూర్తిచేసి చిత్తుప్రతితో పోల్చి చూసుకున్నాను. పదకొండో వరుసలో "మా హక్కులను విడిగా రాసి చేర్చాలన్న షరతుతో" అన్న మాటలే లేవు! ఆ షరతు కోసం జోఫర్ లమిస్ అనే ముసలి రైతు సభలో మూడు రోజులు పోట్లాడాడు.

ఆ వరుస గీకేసి, ఇరికించి రాద్దామని చాకు తీశాను. అప్పుడే మళ్లీ గదిలోకి వచ్చిన కెజియా, సంగతి విని నా చెయ్యి పట్టుకుంది.

"గీకకండి! వెలుతురుకి పెడితే తెలిసిపోతుంది. ముసలాయన ముందు చేసే పని అదే."

"మరేం చెయ్యను?"

"కాలేజీలో ఇది చెప్పలేదా పండితులుగారూ? మా నాన్న దస్తావేజుల్లో మాట జారిపోతే వరుస పైన రాసేవాడు. అడుగున, సంతకాలకి ముందు, ఫలానా వరుస పైన ఫలానా మాటలు చేర్చామని రాసేవాడు."

"అంటే నా తప్పు నేనే చాటుకోవాలా? మన మనవలు కూడా చదువుతారే!"

"చదవనీండి. మనవలు ఉంటారన్నమాట, సంతోషం."

ఆమె చెప్పినట్టే రాశాను.

మర్నాడు జోఫర్ ప్రతి మాట కింద వేలు పెట్టి చదివాడు. పదకొండో వరుస దగ్గర ఆగి, తోలును కిటికీకి ఎత్తిపట్టాడు.

"ఇదేంటబ్బాయ్? ఎప్పుడు దూర్చావ్?"

"కిందదాకా చదవండి."

అడుగున ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. మిగతా రాతను నమ్మడానికి ఆయనకు ఆ ఒప్పుకోలే కావలసి వచ్చినట్టుంది. మొహం తేటపడింది.

"ఇన్ని మాటలుంటే, మర్చిపోవడానికి నా మాటలే దొరికాయా?"

"అప్పుడే... మా ఆవిడ అల్లం రొట్టె తెచ్చిందండీ."

సభంతా గొల్లుమంది.

"పెళ్లయి ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులు."

"అయితే ఓ ఏడాదిపాటు నువ్వు రాసిందల్లా నేనే దగ్గరుండి చదవాలి," అంటూ ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని, అందరికంటే ముందు సంతకం చేశాడు.