కట్టని ట్యాంకు నీడ

పొద్దున్నే ట్యాంకరు హారను వినబడగానే వాణి బిందెలెత్తుకుని పరిగెత్తేది. అప్పటికే వాళ్ళమ్మ గంగులమ్మ పొయ్యి రాజేసి కొప్పెర ఎక్కించి ఉండేది. ధర్మవరం మగ్గాలకు పోయే పట్టుకు రంగు వేయడం ఆ ఇంటి పని. బోరు నీళ్ళయితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ట్యాంకరు తెచ్చే తియ్య నీళ్ళే కావాలి. రంగు వేసిన పట్టుదారం కట్టలు, చిలపలు, ఎండలో ఆరితే వెలిసిపోతాయి, నీడ కావాలి. అందుకని ఆ వీధిలో రంగులవాళ్ళంతా వెదురు గడల్ని పొద్దున పడమటి పక్క నిలబెట్టి, ఎండ తిరిగేకొద్దీ తూర్పుకు జరుపుకునేవాళ్ళు. వాటర్ ట్యాంకు నీడ ఎటు పోతే అటు.

ట్యాంకు ఇంకా కట్టలేదు. నీడ మాత్రం భూమిపూజ నాడే పడింది. పెద్దలు కొబ్బరికాయ కొట్టి, జిందాబాద్‌లు కొట్టించుకుని కార్లెక్కారు. సాయంత్రానికి ఆ ఖాళీ స్థలంలోంచి నాలుగు కాళ్ళు, వాటిపైన గుండ్రటి కడుపు వీధి పొడుగునా పరుచుకున్నాయి. నల్లమ్మ తన బజ్జీల బండిని కడుపు కిందికి తోసుకుంది. ముసలోళ్ళు కాళ్ళ నడుమ పులిజూదం గీసుకున్నారు. ఎన్నికలు వచ్చిపోయాయి. ఒక్క ఇటుకా రాలేదు.

"ఈ కొప్పెర కింద నిప్పు ఉన్నన్నాళ్ళూ నువ్వు హిందూపురం గార్మెంట్స్‌కు పోయే పని లేదు" అనేది గంగులమ్మ. ఆ వీధి ఆడపిల్లలు ఒక్కొక్కరే ఫ్యాక్టరీ బస్సెక్కి పోయారు. డిగ్రీ చదివినా వాణి ఇంట్లోనే ఉండిపోయింది. ఎరుపులో ఎరుపును విడదీసి చూసే కన్ను ఆమెది. ఆ పనిని వదలడం ఆమెకు ఇష్టం లేదు.

ఒకనాడు హారను మోగలేదు. ట్యాంకరు డ్రైవరు లక్ష్మన్న వట్టి చేతుల్తో నడిచి వచ్చాడు.

"ఏమప్పా లక్ష్మన్నా, బండి యాడ?"

"ఈ వీధికి ఆపేసినారు పాపా. మీకు ట్యాంకు ఉండాదంట గదా."

"యాడుండాది?"

లక్ష్మన్న నేల మీది నీడ వైపు చూపించాడు. "అదో. ఫొటోలు గూడా తీసుకున్యారు. మీ చిలపలు దాని కిందనే ఆరతాండాయి."

నిజమే. పోయిన నెల ఇంజనీరు గిరిధర్ ఫోను పట్టుకుని వచ్చినప్పుడు వీధి వీధంతా గడలు సర్దుకుని, జుట్టు దువ్వుకుని నిలబడింది. వాణి కూడా ఎర్ర చిలప చేతిలో పట్టుకుని నవ్వింది.

తల్లీ కూతురూ ఇంజనీరు ఆఫీసుకు పోయారు.

"నీడ పడుతోందా, లేదా?" అన్నాడు గిరిధర్.

"పడతాంది" అంది వాణి.

"ట్యాంకు లేకుండా నీడ ఎలా వస్తుందమ్మా? చదువుకున్నదానివి."

"నీడ కింద బిందె పెడితే నిండుతాదా సార్? నీళ్ళు భిక్ష కాదు, మా హక్కు!"

"ఇన్నాళ్ళూ వాడుకున్నారు కదా. లబ్ధిదారులే మీరు" అని ఆయన ఫ్యాను పెంచుకున్నాడు.

ప్రజల చెమటను తాగి ప్రజలకే దాహం అమ్మే రాజ్యం ఇది అని వాణి వీధిలో నిలబడి అరిచింది. గడలన్నీ ఎండలోకి మారుద్దాం, ఈ నీడ మాకొద్దని చూపిద్దాం అంది.

"రంగు వెలిసిపోతే మగ్గాలోళ్ళు మొగాన కొడతారు" అంది నల్లమ్మ బజ్జీలు తిప్పుతూ. "అప్పుడు నీ నినాదాలు నేసుకుని కట్టుకుంటామా?"

అందరూ నవ్వారు. బోరు నీళ్ళతో వేసిన మచ్చల పట్టును నీడలోనే ఆరేసుకున్నారు. వాణి ఒక్కతే తన గడలు పెరికి ఎండలో పాతింది. గంగులమ్మ అడ్డు చెప్పలేదు. పొద్దు గూకేసరికి ఎరుపు ఇటుక పొడి రంగుకు దిగింది. ఆ తరువాత ఆ ఇంటికి పట్టు ఇచ్చేవాళ్ళు లేకపోయారు. కొప్పెర కింద బూడిద చల్లారింది.

అప్పుడొచ్చాడు గిరిధర్, చేతిలో ఖాకీ చొక్కాతో. ట్యాంకుకు మనిషి కావాలట. పొద్దున్నే వాల్వు తిప్పాలి, జనాన్ని వరసలో నిలబెట్టాలి.

"యాడుండాది సార్ వాల్వు?" అంది వాణి.

"ముందు మనిషిని పెట్టుకుంటే వాల్వు అదే వస్తుంది."

గంగులమ్మ చొక్కా తీసుకుంది. వాణి బిత్తరపోయి చూసింది.

"సిగ్గు లేదామ్మా?"

"ఉండాది. నిన్ను బస్సెక్కించేదానికన్నా ఇది తక్కువ సిగ్గు."

మరునాడు పొద్దున నీడ కాళ్ళ దగ్గర బిందెలు బారులు తీరాయి. వాణి కూడా బిందె పట్టుకుని నిలబడింది, అమ్మ ఏం చెబుతుందో విందామని. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని గంగులమ్మ వరస వెంబడి నడిచి వస్తోంది. గాలిలో చెయ్యి పెట్టి దేన్నో గట్టిగా తిప్పింది. వరస చివరన ఒక ముసలాయన "నీళ్ళొచ్చినాయా?" అని అడిగాడు.

"తోసుకోగాకండి. రేపు వస్తాయి."

కూతురి ముందుకొచ్చి కూడా ఆమె ఆగలేదు. కళ్ళలోకి చూడలేదు. "లైన్లో ఉండు పాపా. రేపు వస్తాయి" అంది, పక్కింటామెకు చెప్పినట్టే.

వాణి బిందెను నేల మీద పెట్టింది. ఇంట్లోకి పోయి సంచి సర్దుకుంది. రోడ్డు మీద హిందూపురం బస్సు ఆగి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఒక్కసారి వెనక్కి చూసింది.

వరసలో ఆమె బిందెను ఎవరో కాలితో ఒక అడుగు ముందుకు జరిపారు.