కౌంటర్ వెనక కుర్చీ

గ్రంథాలయానికి కొత్త కుర్చీ వచ్చిన రోజునే గేటు తాతను బయటికి పంపేశారు.

కుర్చీ లోపలికి పట్టకపోతే తలుపు రెండో రెక్క తీసి పట్టుకున్నది ఆ తాతే. చేతులున్న కుర్చీ, మెత్తది, అటూ ఇటూ తిరిగేది. దాన్ని కౌంటర్ వెనక దించాక, ఖర్చుల సంగతి చూడడానికి కొత్తగా వచ్చిన సారు తాత భుజం మీద చెయ్యి వేశాడు.

"తలుపు తెరవడానికి ఒక మనిషి ఎందుకు తాతా? వచ్చేవాళ్ళకి చేతుల్లేవా? రేపటి నుంచి రావద్దు."

నవ్వుతూనే అన్నాడు. తాత తాళాల గుత్తి బల్ల మీద పెట్టి గొడుగు కోసం వెతుక్కున్నాడు. గొడుగు ఆయన ముంజేతికే వేలాడుతోంది.

హాల్లో చదువుకుంటున్నవాళ్ళందరూ అది చూశారు. దించిన పేపర్లు మళ్ళీ మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

జిగురక్క మాత్రం తాతను చూడనే లేదు. ఆమె కుర్చీని చూసింది. అందులో కూర్చోబోతున్న తన తోడికోడల్ని చూసింది.

జిగురక్క అన్నది పాఠకులు పెట్టిన పేరు. మెట్ల కింది గదిలో నేల మీద కూర్చుని, మైదా ఉడికించి, చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ఆమె పని. ఎంత కడిగినా చేతుల మీద ఎండిన జిగురు పొలుసులు పోవు. తోడికోడలు కాపురానికి వచ్చాక, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకని కౌంటర్ పనికి కుదిర్చింది జిగురక్కే. ఏ అరలో ఏ పుస్తకం ఉంటుందో వేలు పట్టుకుని నేర్పింది. పెద్దది అయిదో తరగతితో ఆగింది, చిన్నది పది పాసయింది. ఇన్నాళ్ళూ కంటికి కనపడని ఆ తేడా ఇప్పుడు కుర్చీ అయి గిర్రున తిరుగుతోంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తగారు ఊరుకోలేదు. "చిన్నదానికి నడుం నొప్పి మాయమైందట. కుర్చీ మహిమ!" జిగురక్క మొగుడు నవ్వాడు. "మన ఆవిడకిస్తే లాభం లేదమ్మా. జిగురంటుకుని మళ్ళీ లేవదు."

అందరూ నవ్వారు. చిన్నది కూడా నవ్వి, కంచం పట్టుకుని మోకాలి మీద చెయ్యి ఆనించకుండానే లేచింది. జిగురక్క ఆ మోకాలిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. నేను ఎక్కించిన మెట్టు నుంచే నా నెత్తిన కాలు పెట్టింది కదా అనుకుంది.

ఊరి కమిటీ గ్రంథాలయాన్ని ఒక కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ తరఫు మనిషే ఈ సారు. వచ్చీ రాగానే హాల్లో ఫ్యాన్లు కోశాడు. పేపర్ల బల్ల మీద దీపం కోశాడు. మంచినీళ్ళ డ్రమ్ము కోశాడు. జనం కోతల సారు అని పేరు పెట్టేశారు. మేడ మీద ఆయన గదిలో ఏసీ మాత్రం ఆగలేదు. దాని నీళ్ళు కిందనున్న సైకిళ్ళ షెడ్డు మీద బొట్టుబొట్టుగా కారుతూనే ఉన్నాయి.

ఒకరోజు ఆయన తల వంచుకుని మెట్ల కింది గదిలోకి వచ్చాడు.

"ఇంత పనిమంతురాలివి, నేల మీదా? నిన్న గాక మొన్న వచ్చినామె కుర్చీలోనా? నీకు బాధగా లేదూ?"

"అది మా తోడికోడలు సార్."

"తెలిసే అడుగుతున్నా."

జిగురక్క సూదిని అట్టలో గట్టిగా గుచ్చింది. అదే ఆయనకు కావాలి. ముక్కాలి పీట లాక్కుని కూర్చుని మెల్లగా విడమరిచాడు. పుస్తకం అరలో నిలబడడం కూడా ఖర్చే. దానికి చోటు కావాలి, దుమ్ము దులిపే మనిషి కావాలి. పుస్తకం వెనక చీటీ మీద మూడేళ్ళుగా తేదీ ముద్ర పడలేదంటే, దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదన్నమాట. అది చచ్చిన పుస్తకం. అలాంటిదాని వీపు మీద ఎర్ర రంగు చుక్క పెట్టాలి. సోమవారం లారీ వచ్చి కాగితం మిల్లుకి ఎత్తుకుపోతుంది.

"ఆ తర్వాత మీ ఇద్దర్లో ఒకరికే పని. బాగా చేసినవాళ్ళదే కుర్చీ" అన్నాడు లేస్తూ.

జిగురక్క రంగు డబ్బా తీసుకుంది. నిజం చెప్పాలంటే మొదట్లో హుషారుగానే పెట్టింది. ఒక్కో చుక్క పెడుతుంటే చిన్నదాని కుర్చీ కాలు రంపంతో కోస్తున్నట్టు హాయిగా ఉంది. ఒకచోట చెయ్యి ఆగింది. ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పని నేర్పే లావుపాటి పుస్తకం. ముద్ర లేదు. వీపున మూడు వరసల కుట్టు. కుట్టు తనదే. అంతలో కౌంటర్ దగ్గర్నుంచి చిన్నదాని నవ్వు వినిపించింది. చుక్క పడింది.

మర్నాడు పొద్దున్నే కేక మొదట పెట్టింది కళ్ళద్దాల పిల్ల. ఉద్యోగ పరీక్షకు చదువుతూ రోజూ కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి.

"జిగురక్కా! నా పుస్తకానికి నెత్తురంటింది!"

"నెత్తురు కాదే, రంగు." ఎందుకు పెట్టిందో కూడా చెప్పింది. దాచడానికేముంది, సారు చెప్పిన పనే కదా.

"నేను రోజూ చదివేది చచ్చిపోయిందా?"

"చదువుతావు సరే, ఇంటికి తీసుకెళ్ళవుగా. ముద్ర లేదు."

"ఇంట్లో అయిదుగురికీ ఒకటే గది. ఎక్కడ కూర్చుని చదవను, పొయ్యిలోనా?"

ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన లేత్ మామ తన లావుపాటి పుస్తకం పట్టుకొచ్చాడు. "నేనూ ఇక్కడే చదువుతా. ఇంట్లో పిల్లలు చింపుతారు. అది నేను చేసిన తప్పా?" పుస్తకాన్ని బోర్లించి వీపు చూపించాడు. "చచ్చినదైతే ఎందుకమ్మా ఇన్నిసార్లు చిరిగింది? ఎందుకు ఇన్నిసార్లు కుట్టావు?"

జిగురక్క వేళ్ళ మీది ఎర్రరంగు కొంగుకు తుడుచుకుంది. పోలేదు.

సాయంత్రం సైకిళ్ళ షెడ్డులో అందరూ పోగయ్యారు. షిఫ్టు దిగినవాళ్ళు, కాలేజీ పిల్లలు, పేపరు కోసం వచ్చే ముసలివాళ్ళు. అలవాటు చావక తాత కూడా వచ్చి గేటు పక్కనే నిలబడ్డాడు.

"తాతని గెంటిన రోజు మనం పేపర్ల చాటున దాక్కున్నాం" అన్నాడు లేత్ మామ. "నేనూ దాక్కున్నా. ఇప్పుడు పుస్తకాల వంతు. రేపు మనం గోడకి ఆనుకున్నా ఖర్చే అంటాడు."

"కమిటీకి అర్జీ పెడదాం."

"పెట్టు. దాన్ని కూడా మిల్లుకే పంపుతారు."

"ముద్ర లేకపోతేనే కదా చచ్చినట్టు?" అంది కళ్ళద్దాల పిల్ల. "అయితే ముద్ర వేయించుకుందాం. అన్నిటికీ."

"ముద్ర ఎవరి చేతిలో ఉంది? ఆ కౌంటర్ ఆమె సారు మనిషి!"

మాట సగంలో ఆగింది. చిన్నది టిఫిన్ డబ్బా పట్టుకుని వెనకే నిలబడి ఉంది.

"ఆగారెందుకు? అడగండి" అంది జిగురక్క. "కుర్చీ ఎక్కిన మహారాణి గారిని!"

"కుర్చీ కుర్చీ అని చస్తున్నావు కదక్కా! అది ఇచ్చిన రోజే సారు నాతో ఏమన్నాడో తెలుసా? 'మీ అక్క కన్ను దీని మీదే ఉంది. ఆమె ఎప్పుడొస్తోందో, ఎప్పుడు నడుం వాలుస్తోందో నా చెవిన వెయ్యి. మీ ఇద్దర్లో ఒకరికే పని' అన్నాడు."

"వేశావా?"

"వేశాను." చిన్నది తల దించలేదు.

"ఛీ! నీకేం తక్కువైందే?"

"ఏం తక్కువా? జిగురక్కా, జిగురక్కా అంటూ అందరూ మెట్ల కింద దూరతారు. నన్ను ఒక్కరైనా పలకరించారా? 'ఏయ్ కౌంటర్' అంటారు! ఈ మామ నీ దగ్గర కూతురి జ్వరం దాకా చెప్పుకుంటాడు. నా మొహాన కార్డు పారేసి పోతాడు. నిన్ను చూసి నేనెంత కుళ్ళానో నాకే తెలుసు!"

లేత్ మామ గొంతు సవరించుకున్నాడు. "కార్డు పారేసిన మాట నిజమే."

ఎవరో కిసుక్కున నవ్వారు. జిగురక్కకు కోపం రావాలి. కానీ లోపలెక్కడో చిన్న గర్వం కదిలింది. తనను చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట!

తాత గొడుగుతో నేల మీద కొట్టాడు. "బాగుందమ్మా. దాని కుర్చీ చూసి నువ్వేడుస్తావు, నీ పలకరింపులు చూసి అదేడుస్తుంది. ఆ మేడ మీద ఒకాయన కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఏడ్చేవాళ్ళే లేరేం?"

అప్పుడే రేకు సందులోంచి చల్లటి బొట్టు ఒకటి జిగురక్క మెడ మీద పడింది. ఆమె తల ఎత్తింది. కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. ఏసీ గుర్రుమంటోంది. కింద హాల్లో చీకట్లో మిగిలినవాళ్ళు పేపరు కళ్ళకు ఆనించుకుని చదువుకుంటున్నారు. ఆమె అసూయ చల్లారలేదు. తల ఎత్తింది, అంతే.

"కార్డున్నవాళ్ళు అడిగితే ఇవ్వొద్దనే రూలు లేదు" అంది చిన్నది. "ముద్ర నేను వేస్తా. వస్తారా, లేక మళ్ళీ పేపర్ల చాటునేనా?"

"వస్తాం. కానీ లారీ ఎక్కేవి ఏవో తెలిసేదెట్లా?"

అందరూ జిగురక్క వైపు తిరిగారు.

"వెతుక్కోనక్కర్లేదు" అందామె. "ఎర్ర చుక్కలు పెట్టి ఉంచాను కదా."

సోమవారం తలుపులు తెరిచే వేళకి వరస గేటు దాటి వీధి మలుపు దాకా పాకింది. ఫ్యాక్టరీ షెడ్డుల్లోంచి, హాస్టళ్ళలోంచి, కుట్టుమిషన్ల దగ్గర్నుంచి వచ్చారు. కార్డు లేనివాళ్ళు వారంలోనే చేయించుకున్నారు. తలుపు రెండు రెక్కలూ తాతే తీసి పట్టుకున్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. లోపల ఠప్పు ఠప్పుమని ముద్ర పడుతోంది. అరలు ఖాళీ అవుతున్నాయి. బయట లారీ డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, విసుగెత్తి, దిగొచ్చి వరసలో ఉన్నవాళ్ళతో కబుర్లలో పడ్డాడు.

కోతల సారు మెట్లు దూకుతూ వచ్చాడు. "ఆపండి! ఇవి అమ్మేసిన పుస్తకాలు!"

"అమ్మింది మీరు. పుస్తకాలు మావి!"

"ఇన్నాళ్ళూ లేని చదువు ఇవాళ పుట్టుకొచ్చిందా?"

"దీపం ఆర్పేశారుగా సారూ, ఇంటికెళ్ళి చదువుకుంటాం!"

నవ్వులు గోడలు దాటాయి. ఆయన నవ్వలేదు. ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు. కంపెనీ సొత్తు పంచిపెడుతోందని చిన్నదాని రెక్క పట్టుకుని లేపారు. సారు ముద్రను జేబులో వేసుకున్నాడు.

"చెల్లెమ్మని వదలండి! వదలండి!" హాలు ఊగిపోయింది. ఏయ్ కౌంటర్ అన్న నోళ్ళే చెల్లెమ్మా అని అరుస్తున్నాయి. జిగురక్క గుండెలో పాత ముల్లు కలుక్కుమంది. ఆఖరికి జైలుకి కూడా నాకంటే ముందు ఇదే పోతోంది!

చిన్నది గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "అక్కా! ఆ కుర్చీలో వెనక్కి ఆనుకోకు. పడేస్తుంది. నన్ను రెండుసార్లు పడేసింది."

"చెప్పలేదేమే?"

"నువ్వు నవ్వుతావని!"

జీపు కదిలింది. సారు జిగురక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూశావా? ఇక ఇది నీదే. కూర్చో. కౌంటర్ మూసేశామని చెప్పు."

జిగురక్క కూర్చుంది.

కళ్ళద్దాల పిల్ల మొహం పాలిపోయింది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. మెత్తగా ఉంది కూడా, ఆ మాట అబద్ధం కాదు. జిగురక్క వెనక్కి ఆనుకోలేదు. ముందుకు వంగి అంది: "మెట్ల కింద నా రంగు డబ్బా ఉంటుంది. ఎవరైనా పట్రండి."

డబ్బా చేతులు మారుతూ వచ్చింది.

"ముద్ర నా జేబులో ఉంది" అన్నాడు సారు.

"ఉంచుకోండి."

ఆమె లేత్ మామ పుస్తకం తెరిచి, ఖాళీ చీటీ మీద ఎర్ర రంగుతో ఆ రోజు తేదీ వేసింది. అయిదో తరగతి అక్షరాలు, లావుగా, కాస్త వంకరగా. మామ పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని గుండెకు ఆనించుకున్నాడు. ఇంటి దారి పట్టలేదు. కిటికీలోంచి కనపడుతోంది: పుస్తకం అందుకున్న ప్రతి ఒక్కరూ గేటు దాటి, జీపు పోయిన వైపే, పోలీస్ స్టేషన్ వైపే నడుస్తున్నారు. చంకల్లో ఎర్ర చుక్కలు బయటికి కనపడుతున్నాయి.

సారు మళ్ళీ ఫోన్ తీశాడు.

జిగురక్క కుంచెను డబ్బాలో ముంచి తల ఎత్తింది.

"ఊఁ, తర్వాత ఎవరు?"