సాన పట్టాల్సిన చేను

పెనుకొండ ఆఫీసులో శైలజ ఉద్యోగం అంకెలకు చీటీలు రాయడం. నవ్వకండి, దానికీ జీతమిస్తారు. పొలాల్లో పాతిన సెన్సర్లు గంటగంటకూ అంకెలు పంపుతాయి. ఆ అంకె దేనిదో, ఎంత లోతుదో, ఏ కొలతలోనో చీటీ ఉంటేనే ఒక ఊరి కంప్యూటర్ చెప్పింది ఇంకో ఊరి కంప్యూటర్‌కు అర్థమవుతుంది.

హిందూపురం వైపు సెన్సర్లలో మన్ను తడికి కన్నడం వచ్చినవాళ్ళెవరో ‘తేవ’ అని పేరు పెట్టారు. పెనుకొండ వైపు ‘తేమ’. ధర్మవరం వైపు మెకానిక్ ఓబులేసు మాత్రం, రైతుబిడ్డ కదా, ‘పదును’ అని రాసిపారేశాడు. విత్తడానికి చాలినంత తడి అని ఆయన భావం. కంప్యూటర్ తన నిఘంటువు వెతుక్కుని, కత్తి పదునేనా అని అడిగింది. టీ చల్లారిపోతోందన్న తొందరలో శైలజ చదవకుండానే అవునని నొక్కింది. అంతే, కొంప మునిగింది.

మూడో రోజు పొద్దున తాడిమర్రి నుంచి ఉలిగప్ప అనే రైతు బస్సు దిగి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మన్ను. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. ‘మీ చేను పదును పద్దెనిమిది శాతం. వెంటనే సాన పట్టించండి. పిల్లలకు అందనివ్వకండి’ అని కంప్యూటర్ పంపిన మెసేజ్ ఉంది.

“ఏమమ్మా, నాలుగెకరాలు యాడ సాన పట్టిస్తారు? మచ్చుకు గుప్పెడు తెచ్చినా.”

శైలజకు నవ్వాగలేదు. ఆయన నవ్వకపోయేసరికి సిగ్గేసింది. పోయినేడు ఉలిగప్ప తన చేతి అంచనాతో విత్తి పంట పోగొట్టుకున్నాడట. ఈ ఏడు ఫోన్ ఒప్పుకుంటేనే విత్తనం ఇచ్చేదని భార్య చౌడక్క ఒలిచిన వేరుశనగ మూట మీదే కూర్చుందట. మొన్నటి వాన తడి రేపటికి ఆరిపోతుంది. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికెరుక? ఒలిచిన విత్తనం అంతదాకా ఆగదు.

అసలు పదునంటే ఎంత తడి అని శైలజ అడిగింది. ఆయన కవరు విప్పాడు. సెన్సర్ పక్కనే బెత్తెడు లోతున తవ్వి, ఆరకుండా మూతి కట్టి తెచ్చాడట. గుప్పిట్లో పిసికాడు, ముద్ద కట్టింది. ఆమె ఫైళ్ళ మీదికి వదిలాడు, పగిలింది.

“ఇదమ్మా పదును. పగలకపోతే బురద, ముద్ద కట్టకపోతే దుమ్ము.”

శైలజ ఆ మాటే చీటీగా రాసింది. ‘పదును: బెత్తెడు లోతు మన్నులో విత్తడానికి చాలే తడి. గుప్పిట్లో ముద్ద కట్టాలి, కింద పడితే పగలాలి. తేవ, తేమ దీనికి చుట్టాలు. కత్తికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.’ పద్దెనిమిది శాతానికి ‘విత్తుకోండి’ అని కొత్త మెసేజ్ ఉలిగప్పకూ, ఇంట్లో ఉన్న చౌడక్క ఫోన్‌కూ పోయింది. ఉలిగప్ప మన్ను అక్కడే వదిలేసి బస్సుకు పరుగెత్తాడు.

ఐదు నిమిషాల్లో చౌడక్క ఆఫీసుకు ఫోన్ చేసింది.

“ఇత్తమని వచ్చిండాది, మూట దిగినా. పిల్లోళ్ళకి అందనీయొద్దంటాండాది కదమ్మా? మా పిల్లోళ్ళకి ముప్పై ఏండ్లు. వాళ్ళు లేకుంటే ఎవురు ఇత్తల్ల?”

పాత మెసేజ్‌లోని చివరి వాక్యం తీసేయడం మరిచిపోయింది శైలజ మహాతల్లి.

“పిలవండక్కా. అది నా తప్పు, అందర్నీ పిలవండి.”

“అట్లని ఫోన్లో రాసి పంపు” అంది చౌడక్క. “మా ఆయన నోటిమాట నమ్మే పోయినేడు మునిగినాం.”

శైలజ కీబోర్డు మీది మన్ను దులిపి, రాయడం మొదలుపెట్టింది.