కొండసందు దగ్గరి జెండా

కాల్పుల మైదానం చివర, గురిబోర్డుల కింద, మనిషెత్తు గొయ్యి ఒకటి ఉంటుంది. అందులో దిగి కూర్చోవడమే నా పని. పైన ఎర్రజెండా ఉన్నంతసేపూ తల ఎత్తకూడదు, బయటికి రాకూడదు. గుండు నెత్తిమీదుగా చెళ్ళుమని పోగానే బోర్డు దించి, చిల్లు పడినచోట తెల్లబిళ్ళ గుచ్చి, మళ్ళీ పైకెత్తాలి. కిలోమీటరు అవతల, కాల్చేవాళ్ళ పక్కన లెక్క రాసేవాడు దుర్బిణీలో ఆ బిళ్ళను చూసి పైకి చదువుతాడు. ఇంట్లో అందరికీ తుపాకీ పిచ్చి, నాకు మాత్రం గొయ్యి. ఎవరి రాత వాళ్ళది.

మా ఆయన్ని ఇక్కడ గాలాయన అంటారు. తుపాకీ పట్టరు. కాల్చేవాళ్ళ వెనక కూర్చుని, దారి పొడవునా పాతిన జెండాలు చూసి, గాలి గుండును ఎంత పక్కకు తోస్తుందో అంచనా కట్టి, ఎడమకు ఇన్ని గీతలని చెబుతారు. కాల్చేవాళ్ళు మారుమాట లేకుండా తుపాకీమీది మర అంతే తిప్పాలి. జట్టు పోటీలో పద్ధతి అది. నోరు ఒకరిది, వేలు ఇంకొకరిది.

మా మైదానం రెండు కొండల నడుమ ఉంది. సగం దూరంలో ఎడమకొండ తెగి చిన్న సందు ఏర్పడింది. ఎండెక్కాక ఆ సందులోంచి గాలి అడ్డంగా తోసుకొస్తుంది. ముందున్న జెండాలన్నీ చచ్చినట్టు వేలాడుతున్నా, సందు దగ్గరిది ఒక్కటే రెపరెపలాడుతుంది. దాన్ని చూడకపోతే ఎంత గురికాడి గుండైనా కుడికి పోవాల్సిందే. ఈ ముక్క అందరికీ నేర్పింది మా ఆయనే.

ఈరోజు పెద్దపోటీకి జట్టును ఎంచుతున్నారు. మొదట మా అమ్మాయి కాల్చింది. అన్నీ నడిమి నల్లచుక్కలోనే పడ్డాయి. మోసం జరగకుండా వేరే జట్టు మనిషిని కూడా గోతిలో కూర్చోబెడతారు. ఈసారి వచ్చినాయన ఇళ్ళు కట్టే మేస్త్రీ. మీ ఇంట్లో గాలి కూడా చెప్పినమాట వింటుందేమిటమ్మా అన్నాడు. నేను కాస్త గొప్పగానే నవ్వాను.

తర్వాత అల్లుడి వంతు. జట్టుకు కొత్త. ఈరోజు తడబడితే తీసేస్తామని పెద్దలు ముందే చెప్పారు. మంచి చెయ్యి, మెతక మనిషి. మామగారు గీసిన గీత దాటడు. మొదటి గుండు కుడి అంచున పడింది. రెండోది దాని పక్కనే. మూడోదీ అక్కడే. బిళ్ళ గుచ్చుతూ మూడింటినీ కలిపి చూశాను. చెయ్యి వణికితే చిల్లులు చెల్లాచెదురుగా ఉంటాయి. ఇవి గుంపుగా ఉన్నాయి. కాల్చినవాడి తప్పు లేదు. గాలి చెప్పిన మనిషికి సందు దగ్గరి జెండా కనబడటం లేదు.

మరి అమ్మాయి గుండ్లు నడిమికి ఎలా పడ్డాయి? అప్పుడు వెలిగింది నాకు. నాన్న చెప్పినదానికి తను చూసింది కలుపుకుని మర తిప్పుతోంది మా తల్లి. కాల్పుల మోతకు చెవులు మూసుకుని కూర్చునే ఆయనకు మర తిరిగే ఆ టిక్కులు వినబడవు. నాన్న నొచ్చుకుంటారని తన మొగుడికి కూడా చెప్పినట్టు లేదు. దాంతో మా ఆయన తన కళ్ళు భేషుగ్గా ఉన్నాయనే నమ్ముకున్నారు. పొద్దున్నే నాచేత పేపరు చదివించుకుని, నీ గొంతులో వింటే వార్తలు కూడా బాగుంటాయే అంటే, ఈ వయసులో ఉబ్బి తబ్బిబ్బయ్యాను. అక్షరాలు ఆనకే చదివించుకుంటున్నారని నాకైనా తట్టొద్దూ.

గోతిలో ఫోను ఉంది. అవతల ఎత్తేది మైదానం అధికారి. చెబితే పదిమందిలో మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని అల్లుడి చోటు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నేను కూర్చున్నదే గొయ్యి. బిళ్ళను నడిమికి జరిపితేనో అని కూడా అనిపించింది. మేస్త్రీ నా చేతినే చూస్తున్నాడు. కూతురిమీదా, ఆయనమీదా, అందరికంటే నామీదా ఒళ్ళుమండింది.

ఫోను మోగింది. గుర్తులు తప్పని గాలాయన అంటున్నారు, మళ్ళీ చూడమన్నాడు అధికారి. చూశాను, సరిగ్గానే ఉన్నాయన్నాను. ఈసారి ఫోను ఆయనే లాక్కున్నారు.

"సరిగ్గా చూశావా? నేను చెప్పిన గాలికి గుండు అక్కడ పడదే. అల్లుడి చెయ్యన్నా వణికుండాలి, నీ కళ్ళన్నా తప్పుండాలి."

"మూడూ ఒక్కచోటే ఉన్నాయండీ. అరచెయ్యి పెడితే కప్పేయొచ్చు."

అరచేతి కింద పట్టే చిల్లులకు అర్థమేమిటో నాకు నేర్పింది ఆయనే. ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుదామనుకునేలోపే ఆయన ఫోను చెవి దగ్గర్నించి దించినట్టున్నారు, మాట దూరంగా వినబడింది.

"బాబూ, ఆ సందు దగ్గరి జెండా ఎటు కొట్టుకుంటోందో చెప్పు. నాకు కనబడట్లేదు."

అంతమందిలో అన్నారు. ఫోను పెట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. పరిగెత్తుకెళ్ళి ఆయన పక్కన కూర్చోవాలనిపించింది. ఎర్రజెండా దిగేదాకా కదలడానికి లేదు.

గుండు చెళ్ళుమంది. బోర్డు దించాను. నల్లచుక్క నడుమ చిల్లు. తెల్లబిళ్ళ గుచ్చి పైకెత్తాను. ఆయన కళ్ళకు అది ఆనదని తెలుసు, ఎవరో ఒకరు చదివి చెబుతారు. మామూలుగా బోర్డుకు గడియ పెట్టి వదిలేస్తాను. ఈసారి వదల్లేదు. రెండు చేతులతో ఎత్తి పట్టుకునే ఉన్నాను.